ప్రాచీన ఈజిప్టువారి సృష్టికథలు, మరణానంతర విశ్వాసాలు: రెండింటికీ ఉన్న ముడి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ప్రాచీన ఈజిప్టులో సృష్టి గురించి ఊరికొక కథ ఉంది కదా, వాటిలో అసలైనది ఏది? చనిపోయినవారి దేహాలను అంత శ్రమపడి కాపాడిన ఆ ప్రజలు మరణం తరువాత ఏమి జరుగుతుందని నమ్మారు? మృతుల లోకానికి రాజైన ఒసైరిస్ కొలువు మన యమధర్మరాజు కొలువు వంటిదేనా? సాధారణంగా పుస్తకాలలో సృష్టికథలు ఒక అధ్యాయంలోనూ, మమ్మీలు, సమాధులు మరొక అధ్యాయంలోనూ ఉంటాయి. చాలా కాలంగా ప్రాచీన చరిత్ర బోధిస్తున్న నాకు ఆ విభజనే మన అవగాహనకు పెద్ద అడ్డంకి అనిపిస్తుంది. ఈజిప్టువారు సృష్టిని ఏనాడో ఒకసారి జరిగి ముగిసిపోయిన సంఘటనగా భావించలేదు. అది ప్రతి ఉదయమూ మళ్ళీ జరుగుతుందనీ, జరగకపోయే ప్రమాదం కూడా ఎప్పుడూ పొంచి ఉంటుందనీ నమ్మారు. చనిపోయినవాడు కోరుకున్నదల్లా ఆ ఉదయంలో తనకూ ఒక చోటు దొరకడమే. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే మిగిలినవన్నీ దాని చుట్టూ చక్కగా అమరుతాయి.

మొదట ఉన్నది నీరు. దరీ దాపూ లేని, వెలుగు లేని, కదలిక లేని ఆ జలానికి నూన్ అని పేరు. అందులో నుంచి ఒక మట్టిదిబ్బ పైకి తేలింది, దాని మీద సూర్యుడు మొదటిసారి ఉదయించాడు. ఏ ఊరి కథ తీసుకున్నా ఈ నీరు, ఈ తొలి వెలుగు ఏదో ఒక రూపంలో ఉంటాయి. గోదావరి వరద తీసిన తరువాత లంకల్లో ఒండ్రుమట్టి తేలి, నాలుగు రోజులకే పచ్చదనం పట్టడం చూసినవారికి ఈ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనవసరం లేదు. నైలు నదికి ఏటా వేసవి చివర వరద వచ్చి పొలాలన్నిటినీ ముంచేది, తీసిన తరువాత నల్లని ఒండ్రు మిగిలేది. 1970లో ఆస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యే కాలానికి ఆ వరద ఆగిపోయింది గాని, అంతకు ముందు కొన్ని వేల సంవత్సరాల పాటు ఈజిప్టు రైతు ప్రపంచం నీటిలో నుంచి పుట్టడాన్ని ప్రతి ఏడూ కళ్ళారా చూశాడు.

కథలలో మనకు లిఖితరూపంలో అన్నిటికంటే ముందుగా, విస్తారంగా కనిపించేది హీలియోపోలిస్ నగరపు కథ. ఇప్పటి కైరో ఈశాన్య భాగంలోని మతరియా ప్రాంతమే ఆ నగరం. ఒకప్పుడు దేశంలోకెల్లా గొప్ప సూర్యక్షేత్రమైన ఆ చోట ఈనాడు నిటారుగా నిలిచి ఉన్నది మొదటి సెనుస్రెత్ రాజు ఎత్తించిన ఒక శిలాస్తంభం మాత్రమే. ఆ కథ ప్రకారం ఆటుమ్ అనే దేవుడు నూన్‌లో తనంతట తానే రూపుదాల్చాడు. తోడు ఎవరూ లేరు కాబట్టి తనలో నుంచే సంతానాన్ని వెలువరించాడు. పిరమిడ్ల లోపలి గోడల మీద చెక్కిన మంత్రాలలో ఒకచోట షూనూ తెఫ్నుత్‌నూ నోటి నుంచి ఉమిశాడనీ, మరొకచోట తన చేతితోనే తన బీజాన్ని రప్పించుకున్నాడనీ ఉంటుంది. షూ గాలి, తెఫ్నుత్ తేమ. వారికి గెబ్, నూత్ అనే జంట పుట్టింది. భూదేవి, ఆకాశదేవుడు అన్న భావనకు అలవాటుపడిన మనకు ఇక్కడ కొంచెం తడబాటు కలుగుతుంది, ఎందుకంటే ఈజిప్టులో భూమి అయిన గెబ్ పురుషుడు, ఆకాశమైన నూత్ స్త్రీ. హత్తుకుని ఉన్న ఆ ఇద్దరినీ తండ్రి షూ విడదీసి, కూతురిని రెండు చేతులతో పైకెత్తి నిలబెట్టాడు. ఆ మధ్య ఏర్పడిన ఖాళీలోనే మనమందరమూ బతుకుతున్నాం. గెబ్, నూత్‌లకు ఒసైరిస్, ఐసిస్, సేత్, నెఫ్తిస్ పుట్టారు. ఈ తొమ్మిదిమందినీ కలిపి ఒక కూటమిగా కొలిచేవారు.

ఇక మధ్య ఈజిప్టులోని హెర్మోపోలిస్‌వారు ఆటుమ్ కంటే వెనక్కి వెళ్ళి, సృష్టికి ముందున్న స్థితిని ఎనిమిది దేవతలుగా ఊహించారు. నీరు, అంతులేనితనం, చీకటి, మరుగు అనే నాలుగు గుణాలకు నాలుగు జంటలు. పురుషులకు కప్ప తలలు, స్త్రీలకు పాము తలలు. ఎస్నాలోనూ, నైలు తొలి జలపాతం దగ్గరి ఎలిఫంటైన్ ద్వీపంలోనూ ఖ్నూమ్ అనే పొట్టేలు తల దేవుడు కుమ్మరి సారె మీద మనుషులను తీర్చిదిద్దాడు. మెంఫిస్ నగరం కథ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అక్కడి దేవుడు ప్తాహ్ శిల్పులకూ పనివారికీ ఇలవేల్పు. అతడు హృదయంలో తలచి, నాలుకతో పలికి దేవతలనూ లోకాన్నీ కలిగించాడు. ఈ కథ మనకు దక్కినది షబాకా రాజు క్రీ.పూ. 710 ప్రాంతంలో చెక్కించిన ఒక నల్లని రాతి మీద. పురుగులు తిన్న పాత ప్రతిని చూసి దీనిని మళ్ళీ రాయించానని ఆ రాజు అందులోనే చెప్పుకున్నాడు. తరువాతి కాలంలో ఎవరో ఆ రాయిని తిరగలిరాయిగా వాడారు. నడుమ తొలిచిన రంధ్రమూ, దాని నుంచి నలువైపులా గీసిన గాళ్ళూ అక్షరాలను చాలావరకు తినేశాయి. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రాజు చెప్పిన మాటను నమ్మి ఒకప్పటి పండితులు మూలాన్ని పిరమిడ్ల కాలానికి చేర్చారు. ఇప్పుడు ఎక్కువమంది అంత పాతదిగా అంగీకరించరు. పాత ప్రతి నుంచి ఎత్తిరాశామని చెప్పుకోవడం ఆ కాలపు రచనలకు గౌరవం తెచ్చే పద్ధతి.

వీటిలో అసలైనది ఏది అని వారిని అడిగి ఉంటే ఆ ప్రశ్నే వారికి అర్థమయ్యేది కాదని నా నమ్మకం. తేబెస్ నగరపు దేవుడైన అమున్ మీద రెండవ రామ్సెస్ రాజు కాలంలో రాసిన ఒక స్తోత్రం ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. దేవతలందరూ ముగ్గురే, అమున్, రా (సూర్యుడు), ప్తాహ్, వారికి సాటి లేరు. మరుగున ఉన్న పేరు అమున్‌ది, ముఖం రాది, దేహం ప్తాహ్‌ది అని అందులో ఉంటుంది. అంటే ఒక ఊరి దేవుడిని పైకెత్తడానికి మరొక ఊరి దేవుడిని అబద్ధమనవలసిన పని వారికి లేదు. అందని విషయాన్ని ఎన్ని వైపుల నుంచి చెబితే అంత మంచిదన్నది వారి పద్ధతి. హెన్రీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే పండితుడు గత శతాబ్దంలోనే ఈ ధోరణిని గుర్తించి వివరించాడు. గ్రీకు తర్కంతో ఈ కథలను ఒకదానికొకటి పోటీ పెట్టడం అప్పటి నుంచి చాలావరకు తగ్గింది.

సృష్టికీ మరణానికీ ఉన్న ముడిని స్వయంగా ఈజిప్టువారి నోటే వినాలంటే, మధ్యరాజ్య కాలపు (సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి) శవపేటికల మీద రాసిన శాసనాలలో 1130వ సంఖ్య గల దానిని చూడాలి. నాకు తెలిసిన ఈజిప్టు రచనలలో ఇంత లోతైనది మరొకటి లేదు. అందులో సర్వేశ్వరుడు తాను చేసిన నాలుగు మంచి పనులు చెప్పుకుంటాడు. ప్రతి మనిషీ ఊపిరి పీల్చుకోవడానికి నాలుగు దిక్కుల గాలులనూ కలిగించాడు. పేదవాడికీ గొప్పవాడికీ సమానంగా అందేలా మహాప్రవాహాన్ని కలిగించాడు. ప్రతి మనిషినీ తన తోటివాడి వంటివాడిగానే చేశాడు. చెడు చేయమని తాను చెప్పలేదనీ, తన మాటను కాదన్నది వారి హృదయాలేననీ స్పష్టం చేస్తాడు. నాలుగవది, పడమటి దిక్కును, అంటే మృతుల లోకాన్ని, మనుషుల హృదయాలు మరవకుండా చేశాడు. ఆ వెంటనే దేవతలను తన చెమట నుంచీ మనుషులను తన కంటి నీటి నుంచీ పుట్టించానంటాడు. ఊపిరి, నీరు, సమానత్వం, మృత్యుస్మరణ: ఈ నాలుగూ ఒకే వరుసలో ఉన్నాయి. మరణాన్ని గుర్తుంచుకోవడం సృష్టికర్త ఇచ్చిన కానుకలలో ఒకటని నాలుగు వేల ఏళ్ల క్రితం ఒక చెక్కపెట్టె మీద రాసుకున్నారు.

ఈ లోకం నిలబడటానికి ఆధారమైన క్రమానికి మాత్ అని పేరు. సత్యం, న్యాయం, తూకం, ఋతువుల వరుస అన్నీ అందులోకే వస్తాయి. తల మీద నిప్పుకోడి ఈకతో ఉన్న దేవతగా ఆమెను చిత్రించేవారు. దానికి ఎదురుగా అపోఫిస్ అనే మహాసర్పం. ఇది సృష్టిలో ఎవరో చేసిన పాపం వల్ల వచ్చిన శత్రువు కాదు. సృష్టికి బయట మిగిలిపోయిన ఆ చీకటి నీటికి చెందినది. ప్రతి రాత్రీ సూర్యుడి పడవను అది అడ్డగిస్తుంది, ప్రతి రాత్రీ ఓడిపోతుంది, ఎన్నటికీ చావదు. అందుకే ఆలయాలలో పూజారులు మైనంతో దాని బొమ్మ చేసి, దాని మీద ఉమ్మి, ఎడమకాలితో తొక్కి, కత్తితో పొడిచి నిప్పులో వేసేవారు. సూర్యోదయానికి మనిషి కూడా ఒక చెయ్యి వేయాలన్న భావన ఇందులో ఉంది. మృతుల కోసం రాసిన మంత్రాల సంకలనమైన మృతుల గ్రంథంలోని 175వ అధ్యాయంలో ఆటుమ్ ఒసైరిస్‌తో ఒక రోజు తాను చేసినదంతా తానే చెరిపివేస్తాననీ, భూమి మళ్ళీ నూన్‌లో కలిసిపోతుందనీ, అప్పుడు తామిద్దరే పాముల రూపంలో మిగులుతామనీ చెబుతాడు. అంటే ఈ ప్రపంచం శాశ్వతమన్న భరోసా కూడా వారికి లేదు.

సూర్యుడు రాత్రిపూట ఎక్కడికి వెళతాడన్న ప్రశ్న ఇప్పుడు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఒక జవాబు ప్రకారం నూత్ సాయంత్రం అతడిని మింగి ఉదయం మళ్ళీ కంటుంది. అందుకే చాలా శవపేటికల మూత లోపలివైపు చేతులు చాచిన నూత్ బొమ్మ ఉంటుంది. చనిపోయినవాడు ఆకాశమాత గర్భంలో పడుకుని తెల్లవారే వేళ కోసం ఎదురుచూస్తాడు. రెండవ జవాబు మరింత విస్తారమైనది. క్రీ.పూ. 15వ శతాబ్దానికి చెందిన మూడవ తుత్‌మోస్ సమాధిలో, రాజుల లోయలో, కోడిగుడ్డు ఆకారపు గది గోడల చుట్టూ సూర్యుడి రాత్రి పన్నెండు గంటల ప్రయాణం మొత్తం గీసి ఉంది. బొమ్మలు రంగురంగులుగా ఉండవు. లేత గోడ మీద నల్లటి, ఎర్రటి సన్నని గీతలతో, ఒక పెద్ద పపైరస్ చుట్టను విప్పి గోడలకు అంటించినట్టే ఉంటాయి. సూర్యుడు ముసలివాడై, పొట్టేలు తలతో పడవ ఎక్కి పాతాళంలోకి దిగుతాడు. నాలుగో గంటలో నీరు ఇంకిపోయి ఇసుకదారి వస్తుంది, పడవే పామై ఆ ఇసుక మీద జారుతుంది. ఆరో గంట, నడిరాత్రి, సూర్యుడి ప్రాణం ఒసైరిస్ దేహమైన తన శవాన్ని చేరి దానితో ఒకటవుతుంది. కొత్త వెలుగు మొదలయ్యేది అక్కడే, అన్నిటికంటే గాఢమైన చీకటిలో. ఏడో గంటలో అపోఫిస్‌తో పోరు. పన్నెండో గంటలో దేవతలందరూ కలిసి పడవను ఒక మహాసర్పం తోక నుంచి లోపలికి లాగి నోటి నుంచి బయటకు తెస్తారు. లోపలికి పోయినప్పుడు ముసలివారైన వారు బయటకు వచ్చేటప్పుడు పసివారవుతారు, సూర్యుడు పేడపురుగు రూపంలో ఖెప్రీగా తూర్పున పైకి లేస్తాడు. సమాధి గోడ మీద దీనిని ఎందుకు గీశారో గమనించండి: ఆ పడవలో రాజుకూ చోటు కావాలి.

పైన ఒసైరిస్ పేరు వచ్చింది గనుక అతడి కథ చెప్పాలి. భూమి మీద రాజుగా ఉన్న ఒసైరిస్‌ను తమ్ముడు సేత్ చంపాడు. ఐసిస్, నెఫ్తిస్ దేహాన్ని వెతికి తెచ్చారు, ఐసిస్ గద్ద రూపంలో రెక్కలాడించి ప్రాణం పోసి హోరస్‌ను గర్భాన ధరించింది. హోరస్ పెద్దవాడై సింహాసనం గెలుచుకున్నాడు. ఒసైరిస్ మాత్రం ఈ లోకానికి తిరిగి రాలేదు, మృతుల లోకానికి రాజయ్యాడు. పెట్టెలో పెట్టి నదిలో వదలడం, దేహాన్ని 14 ముక్కలు చేయడం వంటి వివరాలతో మనం వినే పూర్తి కథ ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత క్రీ.శ. 2వ శతాబ్ది ఆరంభంలో రాసినది. ఈజిప్టు భాషలోని పాత రచనలు ఆ హత్యను సూటిగా వర్ణించడానికే వెనుకాడతాయి, రాస్తే మళ్ళీ జరుగుతుందన్నంత జాగ్రత్తతో దానిని దాటిపోతాయి. అబిడోస్‌లో మొదటి వంశపు జెర్ రాజు పాత సమాధిని ఒసైరిస్ సమాధిగా భావించి భక్తులు వేల మట్టికుండలతో కానుకలు సమర్పించారు. ఆ పెంకులు ఇప్పటికీ అక్కడ గుట్టలుగా ఉన్నాయి. తుతన్‌ఖమున్ రాజు సమాధిలో ఒసైరిస్ ఆకారంలో చేసిన ఒక చెక్క చట్రం దొరికింది. అందులో నైలు ఒండ్రు నింపి, ధాన్యం చల్లి, నీళ్ళు పోశారు. మూసిన సమాధి చీకటిలో ఆ గింజలు మొలకెత్తాయి.

మనిషి అంటే వారి లెక్కలో ఒక్క దేహమూ ఒక్క ఆత్మా కాదు. ఆహారం కోరే ప్రాణశక్తి కా, మనిషి తలతో పక్షిలా ఎగిరి సమాధికీ వెలుగుకూ మధ్య తిరిగే బా, పేరు, నీడ, ఆలోచనకూ జ్ఞాపకానికీ చోటైన హృదయం. ఇవన్నీ మళ్ళీ ఒకచోట చేరితేనే మనిషి వెలుగుమయమైన ఆఖ్ అవుతాడు. రాత్రికి బా తిరిగి వచ్చి వాలడానికి దేహం ఉండాలి, నడిరాత్రి సూర్యుడు తన శవాన్ని చేరినట్టే. దేహాన్ని భద్రపరచడం వెనుక ఉన్న కారణం ఇదే. ముక్కు ద్వారా మెదడు తీసివేసేవారు, పక్కన కోసి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసి నాలుగు జాడీలలో హోరస్ కుమారుల కాపలాలో పెట్టేవారు, హృదయాన్ని మాత్రం వీలైనంతవరకు లోపలే ఉంచేవారు. దేహాన్ని నేట్రాన్ అనే సహజమైన ఉప్పులో కప్పి ఆరబెట్టి, నూనెలు, చెట్ల జిగుర్లు పూసి, నారబట్టతో చుట్టేవారు. మొత్తం తంతు 70 రోజులు. గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ ఇందులో మూడు ధరల పద్ధతులు ఉండేవని రాశాడు. చివరగా సమాధి ముందు దేహాన్ని నిలబెట్టి, వడ్రంగి బాడిస వంటి పనిముట్టుతో పెదవులను తాకి, తినడానికీ మాట్లాడటానికీ నోరు తెరిపించేవారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నిజాం కుటుంబం ద్వారా వచ్చిన ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. తెలుగు నేల మీద ఈ విశ్వాసానికి సంబంధించిన దానిని దగ్గరగా చూడగలిగే చోటు అది. అక్కడ ఉన్నది వింత వస్తువు కాదు, ఈ తంతు అంతా తనకు జరిపించిన ఒక మనిషి అన్న గౌరవంతో చూడమని నా మనవి.

ఈ నమ్మకాలు మనకు తెలిసింది మూడు తరాల రచనల ద్వారా. క్రీ.పూ. 2350 ప్రాంతంలో ఉనాస్ రాజు సక్కారాలోని తన పిరమిడ్ లోపలి గోడలనిండా మంత్రాలు చెక్కించాడు. గాస్తోన్ మాస్పెరో 1881లో వాటిని వెలుగులోకి తెచ్చాడు. అవి రాజుల కోసం. తరువాత అధికారులు, వారి భార్యలు అటువంటి మంత్రాలను తమ శవపేటికల మీద రాయించుకున్నారు. అల్ బెర్షా అనే చోట దొరికిన పెట్టెల అడుగున పరలోకానికి దారిచూపే పటం ఉంటుంది, నీటి దారి ఒకటి, నేల దారి ఒకటి, నడుమ ఎర్రని అగ్నిసరస్సు. ఆ తరువాతది పపైరస్ చుట్టల మీద రాసిన మృతుల గ్రంథం. ఈ పేరు జర్మన్ పండితుడు లెప్సియస్ 1842లో పెట్టినది. ఈజిప్టువారు మాత్రం దానిని పగటిలోకి వెలువడే మంత్రాలు అనేవారు, ఆ పేరులోనే వారి కోరిక అంతా ఉంది. క్రీ.పూ. 1250 ప్రాంతపు ఆనీ అనే లేఖకుడి ప్రతి దాదాపు 24 మీటర్ల పొడవు. దానిని దగ్గరగా పరిశీలిస్తే ఆనీ పేరు చాలాచోట్ల వేరే చేతిరాతలో ఉంటుంది: చుట్టలోని భాగాలను ముందే రాసి పేరుకు ఖాళీలు ఉంచి, కొనుగోలుదారు వచ్చాక నింపారు.

ఆ చుట్టలోనే మీరు అడిగిన కొలువు దృశ్యం ఉంది. త్రాసులో ఒక పళ్ళెంలో ఆనీ హృదయం, మరొక పళ్ళెంలో మాత్ ఈక. నక్క తల అనుబిస్ ముల్లు సరిచూస్తాడు, థోత్ కలంతో నమోదు చేస్తాడు, వెనుక మొసలి తల, సింహపు ముందుభాగం, నీటిగుర్రపు వెనుకభాగం గల అమ్మిత్ కాచుకుని ఉంటుంది. ఆనీ, అతడి భార్య తూతూ కొద్దిగా వంగి నిలబడి చూస్తుంటారు. చనిపోయినవాడు 42 మంది దేవతల ముందు తాను చేయని పనులను చెప్పాలి. చంపలేదు, దొంగిలించలేదు అన్నవాటి పక్కనే తూకంరాళ్ళలో మోసం చేయలేదు, పసిపిల్లల నోటి నుంచి పాలు లాక్కోలేదు, పారే నీటికి అడ్డుకట్ట వేయలేదు అన్న మాటలుంటాయి. చివరి మాట నీటి తగాదాలు తెలిసిన ఏ రైతుకైనా సూటిగా తగులుతుంది.

థోత్‌ను చూడగానే చిత్రగుప్తుడు గుర్తుకు రావడం సహజమే. అయితే తేడాలు పైపైవి కావు. మన పురాణాలలో తీర్పు తరువాత స్వర్గనరకాల అనుభవం, ఆపైన మరో జన్మ. ఈజిప్టు కొలువులో పునర్జన్మ లేదు. నెగ్గినవాడు ఒసైరిస్ వలె, సూర్యుడి వలె మళ్ళీ మళ్ళీ మేలుకుంటాడు. ఓడినవాడి హృదయాన్ని అమ్మిత్ మింగివేస్తుంది, వాడు సృష్టికి ముందున్న ఏమీ లేనితనంలోకి జారిపోతాడు. దానికే రెండో చావు అని పేరు. ఈజిప్టువారు ఆత్మ జంతువుల దేహాలన్నిటిలోకి మారుతూ 3,000 ఏళ్లకు మళ్ళీ మనిషిలోకి వస్తుందని నమ్మేవారని హెరోడొటస్ రాసిన మాట చాలామందిని తప్పుదారి పట్టించింది. ఈజిప్టు రచనలలో దానికి ఆధారం లేదు. డేగగా, కొంగగా, తామరగా, పాముగా ఇష్టం వచ్చినప్పుడు మారే శక్తినిచ్చే మంత్రాలు మాత్రం ఉన్నాయి, బహుశా వాటి గురించే ఆయన విని ఉంటాడు. మరో తేడా కూడా ఉంది. ఈ తీర్పులో మంత్రానికీ చోటుంది. 30వ అధ్యాయంలో మనిషి తన హృదయాన్నే బతిమాలుకుంటాడు: నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు, తూకం చూసేవాడి ముందు నా మీదికి రాకు అని. ఆ మాటలను ఆకుపచ్చరాతి పేడపురుగు మీద చెక్కి గుండెల మీద ఉంచేవారు. దీనిని దేవతలను మోసం చేయడంగా కొట్టిపారేయడం సరికాదు. తన తప్పులన్నీ ఎరిగిన సాక్షి తన లోపలే ఉన్నదన్న భయం ఆ ప్రార్థనలో స్పష్టంగా వినిపిస్తుంది.

నెగ్గినవారు చేరేది రెల్లు పొలాలకు. అది మనం ఊహించే స్వర్గం వంటిది కాదు, నైలు లోయే కాస్త మెరుగుపడింది. అక్కడి బార్లీ ఐదు మూరల ఎత్తు, అందులో కంకే రెండు మూరలు. గోధుమ ఏడు మూరలు, కంకి మూడు మూరలు. వాటిని కోసేవారు తొమ్మిది మూరల మనుషులు. కరువును చూసిన రైతు కొలతలు ఇవి. పొలం ఉంటే పని తప్పదు, పనికి పిలుపు వస్తే బదులు పలకడానికి పారలూ విత్తనాల సంచులూ పట్టుకున్న చిన్న బొమ్మలను సమాధిలో పెట్టేవారు. రోజుకొకటి చొప్పున 365, పదిమందికి ఒక మేస్త్రీ చొప్పున 36, కలిపి 401 బొమ్మల జట్టు తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చింది. తుతన్‌ఖమున్‌కు 413 ఉన్నాయి.

అందరూ ఇదంతా మారుమాట లేకుండా నమ్మారా అంటే, లేదు. సందేహాన్ని కూడా వారే రాసిపెట్టారు. ఇంతెఫ్ రాజు సమాధిలోనిదని చెప్పే ఒక వీణపాటలో, పూర్వపు జ్ఞానుల మాటలు అందరి నోళ్ళలోనూ ఉన్నా వారి సమాధుల గోడలు కూలిపోయాయనీ, అక్కడి నుంచి తిరిగి వచ్చి వారి పరిస్థితి చెప్పినవాడు ఒక్కడూ లేడనీ, కాబట్టి ఉన్నన్నాళ్ళూ సంతోషంగా ఉండమనీ ఉంది. విందులో పాడే ఈ పాటను కొందరు తమ సమాధి గోడల మీదే చెక్కించుకున్నారు. మరోవైపు, చనిపోయిన భార్య అన్ఖిరీకి ఒక భర్త రాసిన ఉత్తరం లైడెన్‌లో ఉంది. నీకు నేనేమి కీడు చేశానని నన్ను ఇలా బాధపెడుతున్నావు, పడమటి దేవతల ముందు నీ మీద ఫిర్యాదు చేస్తాను అని మొదలుపెట్టి, ఆమె జబ్బు పడినప్పుడు వైద్యుడిని తెచ్చిన సంగతి, చనిపోయినప్పుడు ఏడ్చిన సంగతి అన్నీ గుర్తుచేస్తాడు. ఆమె వింటోందన్న విషయంలో అతడికి ఇసుమంత సందేహం లేదు.

అన్నిటికంటే కఠినమైన సాక్ష్యం తొమ్మిదవ రామ్సెస్ 16వ పాలనా సంవత్సరపు, అంటే క్రీ.పూ. 1110 ప్రాంతపు, న్యాయవిచారణ పత్రం. అమెన్‌పనెఫెర్ అనే రాళ్ళు కొట్టే పనివాడు తన జట్టుతో సోబెకెమ్‌సాఫ్ రాజు, అతడి రాణి సమాధులను తవ్విన వైనం అందులో చెప్పాడు: మమ్మీల మీది బంగారం, తాయెత్తులు తీసుకున్నారు, శవపేటికలకు నిప్పు పెట్టారు, బంగారం ఒక్కొక్కరికి 20 దెబెన్ల చొప్పున ఎనిమిదిమంది పంచుకున్నారు. మొత్తం 160 దెబెన్లు, మన లెక్కలో దాదాపు పద్నాలుగున్నర కిలోలు. దేహం కాలిపోతే ఆ రాజుకు ఏమవుతుందో వారికి తెలియనిది కాదు, వారూ అదే నమ్మకంలో పుట్టి పెరిగినవారే. ఆకలి, బంగారం, అవినీతి అధికారులు కలిసినప్పుడు ఆ నమ్మకం చేతులను ఆపలేకపోయింది. ఆ తరువాతి తరాలలో తేబెస్ పూజారులు దోపిడీకి గురైన రాజుల దేహాలను సేకరించి, కొత్త గుడ్డలు చుట్టి, దెయిర్ ఎల్ బహరీ కొండలోని ఒక రహస్య సమాధికి చేర్చారు. 1881లో అధికారులు దానిని తెరిచినప్పుడు మొదటి సేతీ, రెండవ రామ్సెస్, మూడవ తుత్‌మోస్ అందులో ఉన్నారు. బంగారాన్ని ఆ పూజారులు తిరిగి సమకూర్చలేదు, మిగిలి ఉన్న దానిలో కొంత వారే తీసుకున్నారని కూడా పండితులు భావిస్తున్నారు. కాని చాలా దేహాల విషయంలో చుట్టిన గుడ్డ మీదనో, పెట్టె మీదనో ఆ రాజు పేరునూ, ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చారన్నదాన్నీ సిరాతో రాసి మరీ మూసివేశారు.